సున్నా పెట్టిన చెయ్యి

"మూడు హత్యలు. ఒక్కదానికీ శవం దొరకలేదు," అన్నాడు చీఫ్.

టేబుల్ మీద మూడు ఫోటోలు పరిచాడు. వాటిలో మనుషులెవరూ లేరు. బీరువాలంత ఎత్తున్న మూడు నల్లటి సర్వర్లున్నాయి, అంతే.

ఎదురుగా కూర్చున్నవాడు ఫోటోల వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అతన్ని విభాగంలో అందరూ ముంగి అంటారు. ఆరేళ్ళలో పదకొండు మిషన్లు పూర్తి చేసిన ఏజెంట్. అతని నోట ఒక మాట రాబట్టాలంటే శత్రువులకే కాదు, సొంతవాళ్ళకీ తల ప్రాణం తోకకొచ్చేది. కానీ ఈ పూట అతను మాట్లాడకపోవడానికి కారణం అలవాటు కాదు. ఫోటోల్లోని గది అతనికి తెలుసు. నేల మీద పలకలు ఎత్తితే ఏ కేబుల్ ఎటు వెళ్తుందో కూడా తెలుసు.

"విద్యుత్ కంట్రోల్ సెంటర్. నువ్వు మా దగ్గరికి రాకముందు పనిచేసింది అక్కడే కదూ?"

"అవును సార్."

"రెండు నెలల్లో మూడుసార్లు ఈ సర్వర్లు కుప్పకూలాయి. నాలుగు నిమిషాల్లో వాటంతటవే మళ్ళీ లేచాయి. లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క ఆనవాలు మిగల్లేదు. వలయం ముఠా పనే ఇది. సిస్టమ్ మొత్తాన్ని నడిపే కెర్నెల్‌లోకి ఒక దొంగ ప్రోగ్రాంని దూర్చారు. దాని కాపురం మెమరీలోనే, డిస్క్ మీద అడుగు కూడా పెట్టదు. పని కాగానే సిస్టమ్‌ని కూల్చేస్తుంది. రీస్టార్ట్‌తో మెమరీ తుడుచుకుపోతుంది. దాంతోపాటు తనూ మాయం. మళ్ళీ అవసరమైనప్పుడు నెట్‌వర్క్‌లోంచి వచ్చి కూర్చుంటుంది."

"ఈసారి ఎప్పుడు?"

"గురువారం. పొద్దున పదకొండూ పదికి ఒకటో సర్వర్‌ని కూల్చి చూసుకుంటారు, రిహార్సల్. పదకొండూ నలభైకి మిగతావన్నీ ఒకే దెబ్బకి. సరిహద్దు రాడార్‌కి కరెంటు పోతుంది. జనరేటర్ అందుకునేలోపు తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఏం దాటుతుందో మనకి తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది."

"సమాచారం ఎవరిచ్చారు?"

"దొరసాని."

దొరసాని డబుల్ ఏజెంట్. వలయం మనిషిగా ఉంటూ విభాగానికి కబుర్లు చేరవేస్తుంది. పైకి ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున కంట్రోల్ సెంటర్ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తుంటుంది. ఆమె నడిచొస్తుంటే గేటు దగ్గర గార్డులు ఐడీ కార్డు అడగడం మర్చిపోతారని ప్రతీతి.

చీఫ్ ముందుకు వంగాడు. "చచ్చిన మెషిన్ నుంచి శవాన్ని ఎలా సంపాదించాలో నువ్వే చెప్పు. ఒకప్పుడు అదే కదా నీ పని."

ముంగి గొంతు సవరించుకున్నాడు. "మెషిన్ ఆన్ అయ్యేటప్పుడే కొంత మెమరీ పక్కన పెట్టాలి సార్. కెర్నెల్ దాన్ని ముట్టుకోదు. అందులో ఇంకో చిన్న కెర్నెల్ నిద్రపోతూ ఉంటుంది. పెద్దది కూలిన మరుక్షణం చిన్నది లేచి, మెమరీలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు డిస్క్ మీదికి ఎక్కిస్తుంది. దాన్నే క్రాష్ డంప్ అంటారు. కానీ ముందే పక్కన పెట్టాలి. కూలాక వెతుక్కుంటే దొరకదు."

"ఎంత పెట్టాలి?"

"ఆ సర్వర్లకి ఐదువందల పన్నెండు ఎంబీ. తక్కువైతే చిన్న కెర్నెల్‌కి ఊపిరాడదు. సగంలోనే అదీ చచ్చిపోతుంది."

"దొంగ ప్రోగ్రాం మహా తెలివైనది. మెమరీ పక్కన పెట్టి ఉందని తెలిస్తే కదలదు. అందుకని మన ల్యాబ్‌వాళ్ళు ఒక కెర్నెల్ తయారుచేశారు. రిజర్వేషన్ ఎంత, అంటే పక్కన పెట్టిన మెమరీ ఎంత అని ఎవరడిగినా అది సున్నా అంటుంది. ఆ మెమరీని పాడైపోయిన చిప్‌గా చూపిస్తుంది. నువ్వు మెమరీ కార్డులు మార్చే టెక్నీషియన్‌గా వెళ్తావ్. ఒకటో సర్వర్ ఒక్కదాన్నే ఆపడానికి పర్మిషన్ దొరికింది." చీఫ్ ఫైల్ మూయబోయి ఆగాడు. "అన్నట్టు, ఎనిమిదేళ్ళ కిందటిదాకా అక్కడ రిజర్వేషన్ ఉండేదట. ఎవరో సున్నా చేశారు. ఎవరో తెలుసా?"

"తెలీదు సార్."

అబద్ధం నాలుక మీంచి నున్నగా జారింది.

*

ఎనిమిదేళ్ళ కిందట ఆ సెంటర్‌లో ముంగి కుర్ర ఇంజనీరు. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క మొగుడు. బావ అక్కడ షిఫ్ట్ ఇంజనీరు. పది మంది చేతుల్లో పడి నానా గందరగోళమైన పని కూడా బావ చేతిలోకొస్తే సర్దుకునేది.

ఒకరోజు కొత్త సాఫ్ట్‌వేర్‌కి మెమరీ చాలలేదు. "ఆ ఐదువందల పన్నెండూ ఏళ్ళ తరబడి ఊరికే పడుందిగా, లాగెయ్," అన్నాడు మేనేజర్ నడుస్తూ నడుస్తూ. దానికి ఫారం నింపాలి, షిఫ్ట్ ఇంజనీర్ సంతకం కావాలి. సంతకానికి వెళ్తే బావ ఒప్పుకోడు. అందుకని ఫారం నింపలేదు. ఫైల్లో ఐదువందల పన్నెండు చెరిపి సున్నా పెట్టి, అలవాటు కొద్దీ పక్కన తన పొడి అక్షరాలు రెండు రాసి, రీస్టార్ట్ చేశాడు. అరనిమిషం పని.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడూ పదిహేడుకి సర్వర్ కూలింది. మరమ్మతు కోసం ఆపిన ఒక లైన్‌లోకి కరెంటు వచ్చింది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ అక్కడికక్కడే పోయాడు.

విచారణ జరిగింది. డంప్ తెమ్మన్నారు. డంప్ లేదు. మెషిన్ తప్పు అని చూపించడానికి ఏమీ లేనప్పుడు మనిషి తప్పే మిగులుతుంది. షిఫ్ట్‌లో ఉన్న బావే పొరపాటున బటన్ నొక్కాడని తేల్చారు. ఉద్యోగం తీసేశారు, లైసెన్స్ రద్దు చేశారు. కింద ఎర్తింగ్ సరిగ్గా చేసుకోలేదని చచ్చిపోయిన లైన్‌మన్‌కీ కొంత తప్పు అంటగట్టారు.

ముంగి నోరు విప్పలేదు. మొదట భయం వల్ల. తర్వాత సిగ్గు వల్ల. ఆ తర్వాత, మరీ ఆలస్యమైపోయిందన్న సాకు వల్ల. రెండేళ్ళకి ఆ ఉద్యోగం మానేసి విభాగంలో చేరాడు. ప్రాణాల మీదికొచ్చే పని ఎప్పుడొచ్చినా ముందు చెయ్యెత్తేది అతనే. చూసినవాళ్ళు ధైర్యం అనుకునేవాళ్ళు.

*

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి కంట్రోల్ సెంటర్ గేటు దగ్గర ఒక లావుపాటి టెక్నీషియన్ దిగాడు. బుర్రమీసం, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, చొక్కా గుండీల్ని పరీక్షిస్తున్న పొట్ట. పొట్ట స్పాంజిది. చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో ల్యాబ్ కెర్నెల్ ఉన్న చిన్న డ్రైవ్ ఉంది.

సర్వర్ రూం ఏమీ మారలేదు. అదే హోరు, అదే చలి. గాజు గోడకి అవతల కంట్రోల్ రూం, గోడంతా పరుచుకున్న మ్యాపు, దాని మీద పచ్చ దీపాలు. బావ కుర్చీలో ఇంకెవరో కూర్చుని పెన్ను మూత కొరుకుతున్నాడు.

"ఈ గదిలో చలి మరీ ఎక్కువండీ," అంది వెనక నుంచి ఒక గొంతు.

"నాకలవాటేనండీ, మంచు ఫ్యాక్టరీలో పుట్టాను," అన్నాడు ముంగి.

కోడ్ సరిపోయింది. దొరసాని బూడిద రంగు పొడవాటి కోటులో వచ్చి పక్కన నిలబడింది. పర్యవేక్షణ కోసం అన్నట్టు చేతిలో ఒక ప్యాడ్.

ముంగి ఒకటో సర్వర్‌ని ఆపాడు. ఒక మెమరీ కార్డు తీసి అలాంటిదే ఇంకోటి పెట్టాడు. పిడిలోని డ్రైవ్ తగిలించి ల్యాబ్ కెర్నెల్ ఎక్కించాడు. ఇక సైజు రాయాలి. ఫైల్ తెరిచాడు.

ఆ లైను ఇంకా అక్కడే ఉంది. సున్నా. దాని పక్కన రెండు పొడి అక్షరాలు. ఎనిమిదేళ్ళలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"ఆ అక్షరాలు ఎవరివో నాకు తెలుసు," అంది దొరసాని. ఈసారి గొంతులో 'అండీ' లేదు. "వలయానికీ తెలుసు. నువ్వు ఆ సున్నా పెట్టబట్టే మేం ఇన్నేళ్ళు హాయిగా ఉన్నాం. మా వాళ్ళు నీకు రుణపడి ఉన్నారు."

ముంగి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "'మా వాళ్ళు' అంటున్నావ్. నువ్వు మా వైపు కదా?"

"నేను నా వైపు. విను. ఐదువందల పన్నెండు బదులు నూట ఇరవై ఎనిమిది రాయి. రిజర్వేషన్ ఉందని మీ ల్యాబ్‌వాళ్ళు సంతోషిస్తారు. గురువారం చిన్న కెర్నెల్ లేచి, ఊపిరాడక చస్తుంది. అంచనా తప్పింది అంటావ్. ఏ ఇంజనీరుకైనా జరిగేదే. నిన్నెవరూ ఏమీ అనరు." ప్యాడ్ మీద ఏదో రాస్తున్నట్టు నటించింది. "లేదంటే, మీ అక్క కుట్టుమిషన్ల గదికి ఒక కవరు వెళ్తుంది. అందులో ఈ లైను ఫోటో ఉంటుంది."

తుపాకీ గురిపెడితే ఏం చెయ్యాలో ముంగికి నేర్పారు. దీనికి నేర్పలేదు. అక్క ఆ కవరు విప్పడం, కళ్ళజోడు వెతుక్కోవడం, చదివి బావ వైపు చూడడం, అన్నీ కళ్ళ ముందు కదిలాయి.

అతను నూట ఇరవై ఎనిమిది కొట్టాడు.

సర్వర్ లేచింది. దొరసాని చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది. ముంగి స్క్రూలు బిగించి పనిముట్లు సర్దుకున్నాడు. గేటు దాటాడు. మలుపు తిరిగాక మీసం పీకి జేబులో కుక్కుకున్నాడు. అప్పుడూ అంతే, అరనిమిషం పని. రెండోసారి అదే చేత్తో, అదే లైన్లో, తప్పని తెలిసీ.

*

బుధవారం సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాడు. ముందుగదిలో నాలుగు కుట్టుమిషన్లు, అక్క దగ్గర పనిచేసేవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. అక్క మెళ్ళో టేపుతో గుడ్డ కత్తిరిస్తోంది. వెనక వరండాలో బావ రిపేరుకొచ్చిన టేబుల్ ఫ్యాన్ విప్పి కూర్చున్నాడు. స్క్రూలన్నీ వరసగా ఒక మూతలో పేర్చుకుంటాడు, ఒక్కటీ తప్పిపోదు.

"ఏరా బామ్మర్దీ, దారి తప్పావా?" అన్నాడు బావ. "మొహం ఏంట్రా అలా పీక్కుపోయింది? తిన్నావా లేదా?"

"తిన్నాను బావా."

ముంగి ఎదురుగా చతికిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలీక, "ఆ రోజు సంగతి... మీకెప్పుడైనా గుర్తొస్తుందా?" అన్నాడు.

బావ ఫ్యాన్ రెక్క తుడుస్తూ, "రాని రోజేదీ?" అన్నాడు. "మొదట్లో నేను నొక్కలేదని ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేనురా. అందరూ అన్నేసి సార్లు నొక్కావంటే, ఏమో, నొక్కానేమో. నా వేలు బటన్ మీదున్నట్టు ఒక్కోసారి కల్లోకి కూడా వస్తుంది."

ముంగి కవరు వస్తే రానీ అనుకున్నాడు. కాదు, కవరు రాకముందే చెప్పాలి. "అక్కా, ఒకసారి ఇటు రా," అని పిలిచాడు.

అక్క గుమ్మంలో నిలబడింది. అతను చెప్పాడు. మెమరీ పక్కన పెట్టడం, సున్నా పెట్టడం, ఫారం నింపకపోవడం, ఎనిమిదేళ్ళు, దొంగ ప్రోగ్రాం, దొరసాని బెదిరింపు, నిన్న కొట్టిన నూట ఇరవై ఎనిమిది. విభాగంలో చేరాక అంతసేపు ఏకబిగిన మాట్లాడడం అదే మొదటిసారి. తల మాత్రం ఎత్తలేదు.

బావ చేతిలోని ఫ్యాన్ రెక్క కింద పెట్టాడు.

"అంటే," అన్నాడు బావ నెమ్మదిగా, "నేను నొక్కలేదా?"

"లేదు బావా. మెషినే. మీరు కాదు."

బావ తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకున్నాడు, కొత్తగా ఎవరో తెచ్చి అతికించినట్టు. అక్క తమ్ముడి మొహంలోకి ఒక్కసారి చూసి లోపలికెళ్ళిపోయింది. ఒక తలుపు మూసుకుంది.

ముంగి అక్కడి నుంచే చీఫ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాడు. చీఫ్ అడ్డురాకుండా విన్నాడు. "సోమవారం నువ్వన్న 'తెలీదు సార్' నా దగ్గర టేపులో ఉంది," అన్నాడు చివరికి. "దాని సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు సైజు మార్చగలవా?"

"ఫైల్లో మార్చడం క్షణం పని సార్. కానీ మెమరీ పక్కన పడేది ఆన్ అయ్యేటప్పుడే. మెషిన్ మళ్ళీ రీస్టార్ట్ కావాలి."

"పర్మిషన్ అడిగితే దొరసానికి తెలుస్తుంది. ఆమెని అరెస్టు చేస్తే వలయం రోజు మారుస్తుంది. ఎవరూ ఆపకుండా అదే ఆగాలి. దారి చూడు."

ఫోన్ పెట్టేశాడు. ఫ్యాన్ ముందు నుంచి బావ తలెత్తాడు.

"ఆ పాత సర్వర్లేనా ఇంకా? మార్చలేదుగా?"

"లేదు బావా."

"అయితే వెనకవైపు అన్నిటికన్నా కింది ఫ్యాన్ ఆపు. ఆరేడు నిమిషాల్లో వేడెక్కి, తనంతట తనే ఆగి, చల్లారాక లేస్తుంది. ఈలోపు పని రెండోది అందుకుంటుంది. ఎండాకాలంలో నెలకోసారి అలా అయ్యేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు." ఒక క్షణం ఆగి అన్నాడు. "ఫైలు మార్చేటప్పుడు ఆవిడ పక్కనే ఉంటుందేమో?"

"ఉంటుంది."

"సర్వర్ రూం పక్క గాజు క్యాబిన్‌లో ల్యాండ్‌లైన్ ఉండేది. ఆ నంబరు నాకింకా నోటికొచ్చు. పదిన్నరకి చేస్తాను. రెండు నిమిషాలు చాలా?"

"బావా, మీరు నన్ను..."

"నిన్ను తర్వాత తిడతాను. తీరిగ్గా తిడతాను. ఇప్పుడు ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి, ఫ్యాన్ ఎక్కడ ఆపాలో చూపిస్తా."

*

గురువారం పది ఇరవై. బుర్రమీసం, పొట్ట, కళ్ళద్దాలు మళ్ళీ సర్వర్ రూంలోకొచ్చాయి. దొరసాని అతని వెనకాలే వచ్చింది. అవతలి మూల నిచ్చెన మీద ఇద్దరు ఏసీ విప్పుతున్నారు.

"మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"నీ నూట ఇరవై ఎనిమిది సరిగ్గా పడిందో లేదో చూద్దామని. పడకపోతే ఇద్దరం మునుగుతాం."

ఆమె నమ్మిందో లేదో తెలీదు గానీ కదల్లేదు. సరిగ్గా పదిన్నరకి గాజు క్యాబిన్‌లో ఫోన్ మోగింది. ఎవరో తలుపు తీసి, "మేడమ్, మీకే. ఏదో కంపెనీ నుంచి," అన్నారు. ఆమె వెళ్ళింది. గాజులోంచి అతని మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

ఆ ఫోన్ చేసింది బావ. మీ కంపెనీ ఆర్డరిచ్చిన నలభై టేబుల్ ఫ్యాన్లు సిద్ధంగా ఉన్నాయనీ, రంగు చెప్పకపోతే అన్నీ గులాబీ రంగు వేసేస్తామనీ, ఆమె కాదంటున్నకొద్దీ ఆర్డర్ నంబరు అంకె అంకె చదివి వినిపించాడట.

ముంగి పొట్టని స్క్రీన్‌కి అడ్డంపెట్టి, మొహంలో విసుగు నటిస్తూ, కుడిచేత్తో ఫైల్ తెరిచాడు. నూట ఇరవై ఎనిమిది చెరిపి ఐదువందల పన్నెండు రాశాడు. ఎడమచెయ్యి వెనక్కి చాచి కింది ఫ్యాన్‌లోకి సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చాడు. హోరులో ఒక చిన్న స్వరం ఆగిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి అతను కేబుళ్ళు తుడుస్తున్నాడు. పది నలభై ఒకటికి సర్వర్ ఆగింది. దొరసాని కనుబొమలు ముడిపడ్డాయి.

"వేడెక్కినట్టుంది," అన్నాడు ముంగి, వంగి స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుంటూ. "ఎండల్లో ఇంతేనట."

అవతల ఎవరూ తలెత్తలేదు. పదీ యాభై రెండుకి అది మళ్ళీ లేచింది. మెమరీలో కొంత భాగం పాడైందని ఒక లైను చూపించి మామూలుగా పనిలో పడింది.

పదకొండూ పది. స్క్రీన్ ఒక్కసారి నల్లబడింది. తెల్లటి అక్షరాలు ధారగా కారాయి. కెర్నెల్ కూలిపోయింది. ఇప్పుడు రీస్టార్ట్ కావాలి. కాలేదు. రెండు క్షణాల తర్వాత చిన్న అక్షరాలతో ఇంకో కెర్నెల్ నిద్ర లేచింది. డంప్ రాస్తున్నట్టు అంకెలు మొదలయ్యాయి. ఒక శాతం. రెండు. మూడు.

దొరసాని పెదాల మీద నవ్వు అలాగే ఉంది, అది మధ్యలో చస్తుందన్న ధీమాతో. ఇరవై శాతం దాటింది. నలభై దాటింది. నవ్వు పోయింది.

"నూట ఇరవై ఎనిమిదితో ఇంతదూరం రాకూడదు," అంది.

"రాదు."

"మరి?"

"అది ఐదువందల పన్నెండు."

ఆమె కవరు ప్రస్తావన తెచ్చేలోపే అతనన్నాడు, "మా అక్కకి నిన్ననే చెప్పాను. నీకు పోస్టు శ్రమ తప్పింది."

దొరసాని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ గొట్టం తీసింది. అది లిప్‌స్టిక్ కాదు. ఒక్క గుండు పట్టే పిస్టల్. గురి అతని గుండెకి కాదు, పచ్చ దీపం మినుకుమంటున్న డిస్క్‌కి. ముంగి ఎడమ అరచేత్తో గొట్టం మూతిని మూసి పక్కకి తోశాడు. 'ఠప్' మంది. అరచేతిలోంచి దూసుకెళ్ళిన గుండు నేలపలకలో దిగింది. ఏసీ రిపేరుకని పొద్దున్నే వచ్చి నిచ్చెన మీద కూర్చున్న ఇద్దరు విభాగం మనుషులు దూకి ఆమెని పట్టుకున్నారు. గాజుకి అవతల పెన్ను కొరుకుతున్నవాడు ఇప్పటికి తలెత్తాడు.

అరవై శాతం. ఎనభై. చేతికి తువ్వాలు చుట్టి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. నెత్తురు ఆగలేదు. ముంగికి కనిపిస్తున్నవి అంకెలే.

పదకొండూ ఇరవై ఏడుకి డంప్ పూర్తయింది. ఒంటిచేత్తో అతను వెతుకుతుంటే ఫోన్‌లో ల్యాబ్ వెతుకుతోంది. కూలిన క్షణానికి ముందు మెషిన్‌కి చేరిన చివరి సందేశాలు, వాటిలో ఏ మామూలు సందేశంలోనూ ఉండని పదహారు అక్షరాల మాట. దొంగ ప్రోగ్రాంని తట్టిలేపే సంకేతం అదే. టైం పదకొండూ ముప్పై ఆరు.

"నెట్‌వర్క్ గేటు దగ్గరే ఆపండి. ఈ మాటున్న సందేశం ఏదొచ్చినా లోపలికి రానివ్వద్దు," అన్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. తొమ్మిదో అక్షరం దగ్గర కళ్ళు తిరిగాయి. మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

నెట్‌వర్క్ గేటుకి ఆ ఆజ్ఞ చేరేసరికి పదకొండూ ముప్పై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు.

పదకొండూ నలభైకి ఆ మాట వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. గోడ మ్యాపు మీద రాడార్ కేంద్రం దీపం పచ్చగానే వెలుగుతోంది.

"ఇంకేమైనా ఉందా లోపల?" అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

ఉంది. దొంగ ప్రోగ్రాం తను కూల్చిన తేదీలు, టైములు ఒక పట్టికలో రాసుకుని, వచ్చిన ప్రతిసారీ వెంట తెచ్చుకునేది. మొత్తం ఇరవై తొమ్మిది వరసలు. మొదటి వరసలో ఎనిమిదేళ్ళ కిందటి తేదీ. మధ్యాహ్నం మూడూ పదిహేడు.

ముంగి ఆ వరసని పైకి చదివి వినిపించాడు. ఆ తర్వాత స్పృహ తప్పింది.

*

వలయం మనుషులు ఆ వారంలోనే మూడు ఊళ్ళలో దొరికారు. ముంగికి శభాష్ అన్న ఉత్తరం, సస్పెన్షన్ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. రెండింటి కిందా చీఫ్ సంతకమే. పాత విచారణ మళ్ళీ తెరిచారు. ముంగి వెళ్ళి సున్నా పెట్టింది తనేనని చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చాడు. బావ మీద వేసిన తప్పు కొట్టేశారు, లైసెన్స్ తిరిగిచ్చారు.

లైన్‌మన్ భార్య ఒక స్కూలు బస్సు నడుపుతుంది. తీర్పు కాగితం తీసుకుని ముంగి బస్సుల షెడ్డుకి వెళ్ళాడు. ఆమె స్టీరింగ్ మీద కాగితం పరిచి మొత్తం చదివింది.

"ఇది ఎనిమిదేళ్ళ కిందటే వచ్చుండేదా?" అని అడిగింది.

"వచ్చుండేదమ్మా. నా వల్లే రాలేదు."

"మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. నాన్న ఒళ్ళు దగ్గర పెట్టుకోక పోయాడని దానికి ఎవరో చెప్పారు. అదే నమ్ముతూ పెరిగింది." ఆమె కాగితం జాగ్రత్తగా మడిచింది. "ఇవాళ చెప్తాను. మీరు వెళ్ళండి."

క్షమించానని ఆమె అనలేదు. అతను అడగనూ లేదు.

బావ మాటకి కట్టుబడి తీరిగ్గానే తిట్టాడు. రెండు ఆదివారాలు పట్టింది. అక్క మాత్రం నోరు విప్పలేదు. ముంగి రోజూ వచ్చి ముందుగదిలో ఒక స్టూలు మీద కూర్చునేవాడు. కట్టు కట్టిన చెయ్యి దూరడం లేదని అక్క అతని చొక్కాలన్నిటికీ ఎడమ చేతుల కుట్లు విప్పి వెడల్పు చేసింది. కొలతలు తీసుకున్నప్పుడు కూడా పెదవి కదపలేదు.

ఇరవై రెండో రోజున, మిషన్ మీంచి తల ఎత్తకుండా, గుమ్మంలో ఉన్న బావతో అంది.

"మీ బామ్మర్దికి చెప్పండి. కుడిచెయ్యి బాగానే ఉందిగా, ఆ కత్తెర ఇలా అందుకోమని."

బావ ముంగి వైపు చూశాడు. "విన్నావుగా?"

విన్నాడు. విభాగంలో ఎన్నో ఆజ్ఞలు అందుకున్నాడు గానీ దేన్నీ ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించలేదు. లేచి, కత్తెర తీసి, మొన తన వైపు తిప్పుకుని, పిడి అక్కకి అందించాడు.